గిడుగు వారికి దండ వేస్తున్నాం సరే, ఆనాడు మనముంటే ఆయన మాట వినేవాళ్ళమా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
సభ్యులందరికీ నమస్కారం. ఏటా ఆగస్టు 29న మన సరిహద్దు ఊళ్ళన్నిటిలో గిడుగు రామమూర్తి పంతులు గారి పటానికి దండ వేసి, నాలుగు ఉపన్యాసాలు విని ఇళ్ళకు వెళ్తున్నాం. ఆయన గొప్పవారని ఇప్పుడు ఒప్పుకోవడానికి మనలో ఎవరికీ పోయేదేమీ లేదు. నేను అడగదలచినది వేరు. బడిపిల్లల చేత ఎవరూ మాట్లాడని భాషలో రాయించడం అన్యాయమని ఆయన మన పర్లాకిమిడి నుంచే ఎలుగెత్తిన రోజుల్లో, మనం ఇక్కడో బరంపురంలోనో చదువుకున్న పెద్దమనుషులుగా ఉండి ఉంటే ఎటువైపు నిలబడి ఉండేవాళ్ళం?

నా ఉద్దేశంలో మనలో నూటికి తొంభైమంది ఎదుటి పక్షంలోనే ఉండేవాళ్ళం. ఆ పక్షంలో ఉన్నవారు అజ్ఞానులు కారు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తును నెలకొల్పిన జయంతి రామయ్య పంతులు గారు శాసనాలు పరిశోధించిన పండితులు, తెలుగుకు మేలు చేయాలని మనసారా కోరుకున్నవారు. అలాంటివారే గిడుగు వారిని భాషకు చేటు తెచ్చే మనిషిగా చూశారు. మద్రాసు ప్రభుత్వం పరీక్షల్లో వాడుక భాషకు ముందు చోటిచ్చి, అభ్యంతరాలు వెల్లువెత్తగానే వెనక్కు తగ్గింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు; 1940లో కన్నుమూశారు. విశ్వవిద్యాలయాల్లో పిల్లలు వాడుక భాషలో నిశ్చింతగా రాసుకునే రోజు ఆయన చూడనే లేదు.

యథార్థవాది లోకవిరోధి అని నిట్టూర్చి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ సామెత చెప్పేవాడి కష్టాన్ని చెబుతుంది గాని, వినవలసినవాళ్ళ బాధ్యత గురించి మాట్లాడదు. ఇవాళ మన మధ్య, మన సంఘాల్లో, మన ఇళ్ళల్లో అలా నచ్చని నిజం చెబుతున్నవారు ఎవరైనా ఉన్నారా, ఉంటే వారిని గుర్తుపట్టడం ఎలా అన్నది చర్చించవలసిందిగా కోరుతున్నాను.

వంశధార గట్టు (గుణుపురం):
ప్రశ్న మంచిదే కాని, మొదటే ఒక జాగ్రత్త చెప్పనివ్వండి. లోకం కాదన్న ప్రతివాడూ గిడుగు కాడు. కాదనిపించుకున్నవారిలో ఎక్కువమంది నిజంగానే తప్పు చెప్పినవారు. వారి పేర్లు మిగలవు కనుక, చరిత్రలో కాదనిపించుకున్నవారంతా చివరకు గెలిచినట్టు మనకు కనిపిస్తుంది. మా సంతలో చక్కెరజబ్బుకు ఆకుపసరు అమ్మే ఆయన కూడా, డాక్టర్లందరూ తనమీద కక్ష కట్టారనీ, గొప్పవాళ్ళందరికీ మొదట ఇదే గతి పట్టిందనీ చెప్పుకుంటాడు. ఆయన మాట నమ్మి ఇన్సులిన్ మానేసిన మనిషి కాలికి పుండు పడి, చివరకు ఆ పాదం తీసేయవలసి వచ్చింది.

కాబట్టి ఎదురుదెబ్బలు తినడం నిజానికి గుర్తు కాదు. నేను చూసేది ఒక్కటే: చెప్పే మనిషి తన మాటను మనం సరిచూసుకోవడానికి వీలుగా మన ముందు పెడుతున్నాడా లేదా? గిడుగు వారు పెట్టారు. పండితులు తప్పులన్న ప్రయోగాలు పాత తాళపత్రాల్లో, శాసనాల్లో, ప్రాచీన గ్రంథాల్లో ఎక్కడెక్కడ ఉన్నాయో ఏరి చూపించారు. ఇష్టం లేనివాడు కూడా ఆ చోటు తీసి చూసుకోవచ్చు. పసరు అమ్మే ఆయన అందులో ఏముందో చెప్పడు, ఎవరికి తగ్గిందో చూపించమంటే పక్క జిల్లా పేరు చెబుతాడు.

సిస్టరమ్మ (రాయగడ):
వంశధార గట్టు గారి మాట నాకు నచ్చింది. అయితే సరిచూసుకోవడానికి వీలున్నా, లెక్కలు కళ్ళెదుట ఉన్నా, పెద్దలు చూడకుండా ముఖం తిప్పుకున్న సందర్భం వైద్యంలో ఉంది. నర్సింగు చదివే రోజుల్లో మాకు పాఠంగా చెప్పిన కథే అయినా వివరంగా రాస్తాను.

వియన్నా పెద్దాసుపత్రిలో రెండు కాన్పు విభాగాలుండేవి. ఒకదానిలో డాక్టర్లు, వైద్య విద్యార్థులు పురుళ్ళు పోసేవారు, రెండోదానిలో మంత్రసానులు. మొదటిదానిలో బాలింత జ్వరంతో నూటికి సుమారు పదిమంది తల్లులు పోతుంటే, రెండోదానిలో నలుగురికి లోపే. సెమ్మెల్‌వైస్ అనే యువ డాక్టరు ఈ తేడా ఎందుకని తల బద్దలు కొట్టుకున్నాడు. 1847లో ఆయన తోటి డాక్టరు ఒకాయన శవపరీక్ష గదిలో కత్తి గాయమై, అచ్చం బాలింతల్లాగే జబ్బుపడి చనిపోయాడు. శవాలను కోసిన చేతులతోనే డాక్టర్లు నేరుగా కాన్పు గదిలోకి వస్తున్నారని, మంత్రసానులకు శవాలతో పని లేదని ఆయనకు అప్పుడు తట్టింది. క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో చేతులు కడుక్కుని రమ్మన్నాడు. ఆ ఏడు ఏప్రిల్‌లో నూటికి పద్దెనిమిదిగా ఉన్న మరణాలు జూన్‌కు రెండుకు దిగిపోయాయి.

ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలి? అయినా వినలేదు. ఎందుకు వినలేదో ఆసుపత్రిలో పనిచేసినవారికి సులువుగా అర్థమవుతుంది. ఆ మాట ఒప్పుకుంటే, నిన్నటిదాకా పోయిన తల్లులను మన చేతులే చంపాయని ఒప్పుకోవాలి. ఆ బరువు మోయలేక, బరువు చూపించినవాడిని తోసేశారు. సెమ్మెల్‌వైస్ 1865లో పిచ్చాసుపత్రిలో 47 ఏళ్ళకే చనిపోయాడు.

ఇదేదో పరదేశపు పాతకథ అనుకోవద్దు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆసుపత్రిలో కాన్పుల రిజిస్టరు రాసే పిల్ల ఒకతె ఉండేది. పుట్టి, ఒకసారి ఏడ్చి, గంటలోపు పోయిన బిడ్డలను "చనిపోయి పుట్టినది" అనే గడిలో రాయమని పైనుంచి చెప్పేవారు. అలా రాస్తే శిశుమరణాల లెక్క తగ్గుతుంది, ఎవరూ సంజాయిషీ అడగరు. ఆ పిల్ల ఒక రోజు కలం పక్కన పెట్టి, "బిడ్డ ఏడవడం తల్లి విన్నది, నేను విన్నాను, నేను ఈ గడిలో రాయను" అన్నది. ఆమెను అరిచి బయటకు పంపలేదు. చాలా మర్యాదగా మందుల స్టోరుకు మార్చారు, రిజిస్టరు ఇంకొకరికి ఇచ్చారు. నోరు నొక్కడం ఎప్పుడూ రాళ్ళు వేసినట్టే ఉండదు. చాలాసార్లు బదిలీ కాగితంలా ఉంటుంది.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
అక్కయ్యా, మీరు రాసిన రిజిస్టరు సంగతి చదివిన తరువాత మా గడ్చిరోలి జిల్లా ముచ్చట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మేము మహారాష్ట్రలో ఉన్నా గోదావరి దాటితే కాళేశ్వరం, ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. జిల్లా ఉత్తరాన మరాఠీ, నడుమ గోండి, మాడియా.

డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1980ల నడుమ ఈ జిల్లాకు వచ్చి పని మొదలుపెట్టారు. రెండు ఊళ్ళలో 650 మంది ఆడవాళ్ళను పరీక్షించి 1989లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన ఫలితం ఏమిటంటే, నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. వారిలో అంతకుముందు ఎన్నడైనా అలాంటి పరీక్ష జరిగినవారు నూటికి ఎనిమిది మందే. అప్పటిదాకా పల్లెటూరి ఆడదాని ఆరోగ్యం అంటే కాన్పు, కుటుంబ నియంత్రణ, అంతే. మా అమ్మమ్మల తరం నడుమునొప్పి అని, నీరసం అని చెప్పుకుంటూ వచ్చింది ఈ బాధే. వాళ్ళు చెప్పలేదనడం తప్పు, వినే చెవి లేకపోయింది.

తరువాత పసిబిడ్డల సంగతి. ఊళ్ళోని సాధారణ స్త్రీకే శిక్షణ ఇచ్చి, ఆమె చేత ఇంటింటికీ తిరిగి పుట్టిన బిడ్డను చూపించి, ఊపిరితిత్తుల జబ్బునూ రక్తంలో చేరిన విషాన్నీ ఆమె చేతనే గుర్తుపట్టించి, అవసరమైతే ఆమె చేతనే సూది వేయించవచ్చునని వీరు అన్నారు. డాక్టరు కాని మనిషి చేతికి సూది ఇవ్వడమేమిటన్న అభ్యంతరం బలంగా వచ్చింది. దానికి జవాబుగా వారు వాదన పెంచలేదు. 39 ఊళ్ళలో చేసి చూపించి, మామూలు పద్ధతి నడిచిన 47 ఊళ్ళతో పోల్చి 1999లో ఫలితం బయటపెట్టారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. 2011లో ఆశా కార్యకర్తలు ఇంటికి వచ్చి పసిబిడ్డను చూసే పద్ధతి దేశమంతటా వచ్చింది. అంటే గడ్చిరోలిలో రుజువైన మాట దేశం చేతికి అందడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఆ పన్నెండేళ్ళలో ఎంతమంది పసివాళ్ళు పోయారో ఆలోచించండి. ఆలస్యంగా వినడమంటే నాకు అర్థమైనంతవరకు ఇదే. చెప్పినవారికి తరువాత సన్మానాలు జరిగాయి కదా అంటే ఆ తల్లులకు ఒరిగేదేముంది?

జయపురం చదువరి (జయపురం, కోరాపుట్ జిల్లా):
పెద్దలు వియన్నా, గడ్చిరోలి చెప్పారు. మహేంద్రతనయ గారు అడిగింది ఇవాళ మన మధ్య ఉన్నవారి గురించి కనుక, నేను ఆ సంగతికే వస్తాను.

కొద్ది నెలల క్రితం సరిహద్దు జిల్లాల తెలుగువారి సంఘం ఒకదాని సమావేశం జరిగింది. బడుల్లో తెలుగు టీచరు పోస్టులు నింపడం లేదని, పాఠ్యపుస్తకాలు వేళకు రావడం లేదని ఒక్కొక్కరూ లేచి మాట్లాడారు. అన్నీ నిజాలే. చివర రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు లేచారు. ఆయన చేతిలో మూడో తరగతి వాచకంలోని ఒక పేజీ జిరాక్సు ఉంది. ఆ పేజీ పట్టుకుని తెలుగు ఇళ్ళకే వెళ్ళి పిల్లల చేత చదివించి చూశాననీ, ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలు కూడా చాలామంది కూడబలుక్కుని రెండో వాక్యం దగ్గర ఆగిపోయారనీ చెప్పారు. తరువాత ఆయన అన్న మాట ఇది: "టీచరు పోస్టు ఖాళీగా ఉండడం ఒక కారణం. పోస్టు ఉన్న బడికి కూడా మనలో ఎవరూ పిల్లలను పంపకపోవడం రెండో కారణం. ఈ వేదికమీద కూర్చున్నవారి మనవల్లో తెలుగు చదవగలిగినవారు ఎందరో చేతులెత్తి చెప్పండి."

ఎవరూ చెయ్యి ఎత్తలేదు. ముందు వరసలో ఇద్దరు లేచి వెళ్ళిపోయారు, మైకు ఆపేశారు, వందన సమర్పణ మొదలైంది. ఆ తరువాతి సమావేశానికి మాస్టారుకు పిలుపు రాలేదని విన్నాను. వంశధార గట్టు గారు పెట్టిన కొలత ప్రకారం చూస్తే, ఆయన తన మాటను మన చేతిలో పెట్టారు. ఆ పేజీ ఎవరైనా తీసుకువెళ్ళి ఏ ఇంట్లోనైనా చదివించి చూడవచ్చు. ఎందుకు చూడలేదు?

పాత బరంపురం (బరంపురం):
జయపురం అమ్మాయి ఎవరి గురించి రాసిందో నాకు తెలుసు, ఆ సమావేశంలో నేనూ ఉన్నాను. మాస్టారంటే నాకు గౌరవం. కాని ఆయన మాట్లాడిన చోటు తప్పు, వేళ తప్పు అని ఈనాటికీ అంటాను. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వీలు కల్పించాలని రాజ్యాంగంలో 350ఏ అధికరణ ఉంది. దాన్ని చూపించి మేము ఏళ్ళ తరబడి కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నాం. ప్రతిసారీ అక్కడ అడిగే మొదటి ప్రశ్న, "చదివే పిల్లలు ఉన్నారా?" అన్నదే. మనవాళ్ళే పిల్లలను పంపడం లేదని మన వేదికమీద మన మాస్టారే చెబితే, రేపు ఆ మాట పత్రికలో వస్తే, ఉన్న ఒక్క పోస్టు కూడా ఎత్తేస్తారు. ఇంటిగుట్టు లంకకు చేటు అని పెద్దలు ఊరికే అనలేదు. నిజం చెప్పవద్దని నేను అనడం లేదు. బలహీనంగా ఉన్నవాడు తన బలహీనతను ఎదుటివాడి చేతిలో పెట్టకూడదు అంటున్నాను.

జయపురం చదువరి:
తాతయ్య గారూ, మీరు చెప్పిన భయం ఉత్తది కాదు. సంఖ్యలో తక్కువగా ఉన్నవారు తమ లోపం పైకి చెప్పుకుంటే దాన్ని వారిమీదకే తిప్పుతారన్నది మనందరికీ అనుభవమే. అయితే లంక సంగతి మీరే ఎత్తారు కనుక అడుగుతున్నాను. విభీషణుడు గుట్టు చెప్పడం వల్ల లంక చెడిందా, అంతకు ముందు నిండు సభలో అతను చెప్పిన హితం రావణుడు వినకపోవడం వల్ల చెడిందా? మొదట ఇంట్లోనే చెప్పాడు. అన్నగారే వెళ్ళగొట్టాడు. మాస్టారు కూడా మొదట మన ఇంట్లోనే చెప్పారు, ఏ పత్రికకూ వెళ్ళలేదు.

ఇంకొక మాట. పిల్లలు లేరన్న సంగతి కార్యాలయాల్లో ఉన్నవారికి తెలియదా? హాజరు పట్టీలు వారి దగ్గరే ఉన్నాయి. తెలియనట్టు నటిస్తున్నది మనమే. దాచామనుకున్నది ఎదుటివారికి ముందే తెలిసి ఉంటే, ఆ దాపరికం వల్ల మోసపోయేది మనం ఒక్కరమే.

సిస్టరమ్మ (రాయగడ):
ఇక్కడ ఒక సంగతి మరచిపోతున్నాం. మనం ఇంతవరకు చెప్పుకున్నవారందరూ చదువుకున్నవారు. గిడుగు వారు బడిలో మాస్టారు, సెమ్మెల్‌వైస్ డాక్టరు, బంగ్ దంపతులు డాక్టర్లు. వారి మాటే వినడానికి ఇంత కాలం పట్టిందంటే, ఏ హోదా లేనివారి మాట ఎవరి చెవిన పడుతుంది?

మా జిల్లాలో కొండ ఊళ్ళలో ఎవరికైనా జబ్బు చేస్తే ఫలానా ముసలమ్మ చిల్లంగి పెట్టిందని అనుమానించడం, ఆమెను కొట్టడం, ఊరినుంచి తరమడం ఈనాటికీ వింటున్నాం. ఒడిశాలో 2013లోనే దీనికి వ్యతిరేకంగా చట్టం చేశారు. మహారాష్ట్రలో ఇలాంటి చట్టం కోసం ఏళ్ళ తరబడి పోరాడిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ను అదే ఏడు ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఆయన బతికి ఉండగా కదలని చట్టం ఆయన పోయిన కొద్ది రోజులకే ఆర్డినెన్సుగా వచ్చి, డిసెంబరులో శాసనసభలో ఆమోదం పొందింది. అది లోకానికి తెలిసిన కథ. కాని అలాంటి ఊళ్ళో, పంచాయతీ మధ్యలో నిలబడి "బిడ్డకు వచ్చింది మలేరియా జ్వరం, ఈ ముసలమ్మ చేసిందేమీ లేదు" అని అన్న కోడలిపిల్లను నేను కళ్ళారా చూశాను. ఆమెను రెండు నెలలపాటు బావి దగ్గరకు రానివ్వలేదు. ఆమె పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు, ఆమె పటానికి ఎవరూ దండ వేయరు.

ఆ మాటకు వస్తే గిడుగు వారు సవరభాష నేర్చుకోవడానికి తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకున్నారని చెప్పుకుంటాం. ఆ మనిషి పేరు మన సభల్లో ఎన్నడైనా విన్నామా? గిడుగు వారిని నేను ఎక్కువగా గౌరవించేది అందుకే. చదువుకున్నవారు సవరలను మనుషుల లెక్కలో వేయని కాలంలో ఆయన వారి ముందు విద్యార్థిగా కూర్చుని ఏళ్ళ తరబడి విన్నారు. వారి పిల్లలకు వారి భాషలోనే పుస్తకాలు తయారుచేశారు. సర్కారు సొమ్ము ఇవ్వజూపితే, అది తనకు వద్దనీ సవరల బడికి ఖర్చు పెట్టమనీ అన్నారు. పండితులకు నచ్చని నిజం చెప్పే ధైర్యం ఆయనకు ఆ వినడంలోనుంచే వచ్చిందని నేను నమ్ముతాను.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అమ్మా, మీరు చెప్పినది ఈ చర్చను నేను ఊహించినదానికంటె లోతుకు తీసుకువెళ్ళింది. నేను వినడం అంటే పెద్ద మనిషి చెప్పినది ఒప్పుకోవడం అనే దృష్టితోనే ప్రశ్న అడిగాను. వినడం అంటే ఒప్పుకోవడం కాదనీ, చెప్పినది సరిచూసేదాకా చెప్పిన మనిషికి చోటు పోకుండా కాపాడడమనీ ఇప్పుడు అనిపిస్తున్నది. రిజిస్టరు రాసిన పిల్లకు ఆ కుర్చీ, ఆ కోడలిపిల్లకు బావి, మాస్టారుకు మైకు ఉండి ఉంటే చాలు. వారు చెప్పినది నిజమో కాదో నెల తిరగకుండా తేలిపోయేది.

వంశధార గట్టు (గుణుపురం):
అలాగైతే మాటలు చాలు. మాస్టారి పేజీనే తీసుకుందాం. ఆయన వెళ్ళిన ఇళ్ళకు కాకుండా వేరే వీధుల్లో, ఆయన మాటను నమ్మనివారే వెళ్ళి చదివించాలి. నమ్మినవారు వెళితే నమ్మినట్టే లెక్క వస్తుంది. ప్రతి బిడ్డ తరగతి, బడిలో తెలుగు ఉన్నదీ లేనిదీ, ఇంట్లో ఎవరైనా నేర్పుతున్నదీ లేనిదీ రాసుకోవాలి. పేర్లు వద్దు, పిల్లలను సిగ్గుపెట్టవద్దు. తెలుగు టీచరు ఉన్న బడి పిల్లలకూ లేని బడి పిల్లలకూ తేడా ఎంతో చూస్తే, ప్రభుత్వం వాటా ఎంతో మన వాటా ఎంతో దానంతట అదే బయటపడుతుంది. గుణుపురంలో రెండు వీధులు నేను చూసుకుంటాను. పాత బరంపురం గారూ, బరంపురం మీరు చూడండి.

పాత బరంపురం (బరంపురం):
వస్తాను. మాస్టారు చెప్పినంత అధ్వాన్నంగా ఉండదనే ఇప్పటికీ నా నమ్మకం, అది తేల్చుకోవడానికే వస్తాను. కాని ఒక షరతు. లెక్క ఎలా వచ్చినా, పోస్టుల గురించి మనం ఇవ్వబోయే వినతిపత్రం అందజేసిన తరువాతనే దాన్ని బయటపెట్టాలి.

జయపురం చదువరి:
ఆ షరతుకు నేను ఒప్పుకోలేను, తాతయ్య గారూ. వినతిపత్రంలోనే ఆ లెక్క ఉండాలి. టీచరును ఇవ్వండి అని మొదటి పేజీలో రాసి, మేము ఇంతమంది పిల్లలను పంపుతామని తల్లిదండ్రుల సంతకాలతో రెండో పేజీలో రాద్దాం. సంతకం పెట్టడానికి ఎవరు ముందుకు రాలేదో కూడా మనకు తెలియాలి కదా. మాస్టారితో మాట్లాడాను, ఆ పేజీ జిరాక్సులు ఆయనే తీయించి పంపుతానన్నారు. తేదీ విషయం మీరూ వంశధార గట్టు గారూ తేల్చండి. షరతు గురించి ఆ రోజు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.